తిరగలికి అవతలి వంతు

"వీడియోలో ఏమీ జరగని ముక్కలు కోసేస్తే తప్పేమిటి సార్?" అని అడిగింది నీలవేణి. ఆమె గైడు ఆచార్య భూషణం గారికి వాదన గిట్టదు. ఏదైనా అడిగితే కళ్లజోడు తీసి తుడుచుకుంటారు, అంతే. ఆ తుడుపు చూస్తే నీలవేణికి ఒళ్లు మండేది.

మానవశాస్త్రంలో ఆమె పరిశోధన అంతా ఒక తిరగలి పాట మీద ఆధారపడి ఉంది. ఆ మెట్ట ఊళ్లో అది వచ్చిన మనిషి అంకమ్మ ఒక్కతే మిగిలింది. కెమెరా ముందు కందులు విసురుతూ అంకమ్మ ఒక చరణం పాడి ఆగింది. రాయి మాత్రం తిరుగుతూనే ఉంది. కాసేపటికి మళ్లీ ఒక చరణం, మళ్లీ ఆగడం. పాపం ముసలిది, మరిచిపోతోందనుకుంది నీలవేణి. ఆగినచోటల్లా కత్తిరించి చరణాలు అతికించింది. పాట చకచకా నడిచింది గానీ తలాతోకా లేదు. ఇక పట్టా వచ్చినట్టే అని ఆమెకు ఏడుపొచ్చింది.

"కోయనిది ఉందా?" అన్నారాయన. ఉందంది. "పద, ఆవిడకే చూపిద్దాం."

అంకమ్మ వసారాలో పీట మీద ల్యాప్‌టాప్ పెట్టారు. తెరమీది అంకమ్మ ఒక చరణం పాడి ఆగింది. ఎదురుగా కూర్చున్న అంకమ్మ గొంతు సవరించుకుని తర్వాతి చరణం అందుకుంది. మళ్లీ తెరమీది ఆమె, మళ్లీ ఈమె. పాట చివరిదాకా అలాగే సాగింది. ఎక్కడా ఒక్క మాట తెగలేదు.

నీలవేణి నోరెళ్లబెట్టింది. "ఇవన్నీ నీకు వచ్చుగదా అవ్వా! ఆ రోజు పాడలేదేం?"

"అయ్యి నాయి కావు తల్లీ, మా తోడికోడలు రవణమ్మయి. తిరగలికి అటు అది, ఇటు నేను. అది పోయిందని దాని వంతు కూడా నేనే లాక్కుంటానా? ఇయ్యాల నా వంతు ఆ పెట్టె పాడతా ఉంది గాబట్టి, దానిది నేను పాడా." అంకమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇంకోసారి ఎయ్యమ్మా."

నీలవేణి మళ్లీ వేసింది. ఈసారి పక్కన కెమెరా కూడా పెట్టుకుంది.

ఇద్దరూ తిరుగు బస్సు ఎక్కారు. ఊరు దాటాక నీలవేణి అడిగింది. "అయితే అసలేమీ కోయకూడదా సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కోసుకో అమ్మా. రవణమ్మ పాడేచోట మాత్రం వద్దు."