కింది గదిలో గాలి

నారాయణానందులవారికి ఓ అలవాటుంది. ఎవరైనా తమ గొప్ప తామే చెప్పుకుంటే ఔననరు, కాదనరు. ఎవరింటి సంగతో ఎత్తుకుంటారు.

ఓ ఉదయం శిష్యుడు సుదర్శనం వచ్చి కూర్చున్నాడు. తమ్ముడితో పడక ఇల్లు వదిలి వచ్చిన మనిషి. "స్వామీ, ఆశ్రమానికి వచ్చిన నాటి నుంచి నాకు ఒక్కసారీ కోపం రాలేదు. అది నాలోంచి పోయినట్టే కదా? ఇక దీక్ష ఇస్తారా?" అని అడిగాడు.

స్వామివారు కనకవల్లి సంగతి మొదలుపెట్టారు.

కనకవల్లి బడిలో టీచరు. ఆవిడ భర్త బీడీ ముట్టి ఎరగడు, అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఎందుకొచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. ఆ బాధ ఆవిడను వదల్లేదు. అందుకే రాతిగుట్ట పక్కన ఇల్లు కొనబోతూ, కూతురికి అనుకున్న కింది గదిలో రాడాన్ పరీక్ష పెట్టించింది. రాడాన్ నేలలోంచి, రాతిలోంచి వచ్చే వాయువు. రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకే ముప్పు. చుట్టాలు మాత్రం నవ్వారు. "వాస్తు చూపించావుగా, ఇంకా గాలికి కూడా పరీక్షలేమిటే?" అన్నారు.

గదిలో చిన్న పరికరం పెట్టి కొన్నాళ్లు ఉంచారు. అది ఫోనుకు పంపిన ఫలితం బాగానే వచ్చింది, రిజిస్ట్రేషన్‌కు ముహూర్తమూ పెట్టుకున్నారు. తీరా పరికరం తీసుకోవడానికి వెళితే, గదిలో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. ఇల్లు అమ్మే రామభద్రయ్య మంచివాడే. "మూసిపెడితే గది వాసనేస్తుందమ్మా. మీరొచ్చేసరికి అలా ఉంటే నాకు చిన్నతనం కాదూ?" అన్నాడు.

"మళ్లీ పెడదామండీ. తెరిచి ఉంటే ఆ వాయువు బయటికి పోతుంది కదా, ఈసారి అన్నీ మూసి."

"అంటే నా మీద నమ్మకం లేదా?" ఆయన ముఖం ముడుచుకున్నాడు.

"మీ మీద ఉందండీ. గాలి మీదే లేదు. చలికాలం మా పిల్ల కిటికీ తీయనివ్వదు."

ముహూర్తం దాటిపోయింది. చుట్టాలు మొండిఘటం అన్నారు. ఆవిడ మాత్రం మెట్టు దిగలేదు. రెండోసారి పరికరంలో అంకె ఉండవలసిన దానికంటే ఎంతో ఎక్కువ చూపించింది. "చలి రోజుల్లో మా మనవరాలిని ఇక్కడే పడుకోబెట్టేవాళ్లమమ్మా" అన్నాడు రామభద్రయ్య. నేల పగుళ్లు పూడ్పించి, నేల కింది గాలి గొట్టంలోంచి కప్పు పైకి పోయే ఏర్పాటు ఆయనే దగ్గరుండి చేయించాడు. మళ్లీ మూసి చూశారు. అంకె దిగిందని తేలాకే కనకవల్లి సంతకం పెట్టింది.

సుదర్శనం అంతా శ్రద్ధగా విన్నాడు. "ఆవిడ పట్టుదలను మెచ్చుకోవాలి స్వామీ. మరి నా దీక్ష?"

"అది సరే, మీ తమ్ముడు కులాసానా?"

సుదర్శనం ముఖం జేవురించింది. "ఆ వెధవ పేరు నా ముందు ఎత్తకండి!" ఆ అరుపుకి పెరట్లో పూలు కోస్తున్నవాళ్లు తలలెత్తి చూశారు.

"ఏం లేదు నాయనా, కిటికీ మూసి చూశాను" అన్నారు స్వామివారు.