ఎక్కువైన సున్నా

"మాస్టారూ, ఆ అమ్మాయి టీసీ అడుగుతోందండీ" అన్నాడు హేమసుందర్, గుమ్మంలోనే నిలబడి.

హేమసుందర్ కాకినాడలో ఎంబీఏ పిల్లలకి పాఠాలు చెబుతాడు. అతనికి చదువు చెప్పింది పేర్రాజు మాస్టారు. ఏ చిక్కొచ్చినా పరిగెత్తుకొచ్చేది ఇక్కడికే, ఊళ్లో ఇంకో ఇల్లే లేనట్టు.

ఈసారి చిక్కు తెచ్చింది కంప్యూటర్ ఆట. పిల్లలు జట్లుగా చేరి అందులో బిస్కెట్ల కంపెనీలు నడపాలి. షమీమ్ అనే అమ్మాయి కాలేజీకొచ్చేదాకా కీబోర్డు ముట్టి ఎరగదు. నాలుగు వేల పెట్టెలు చెయ్యమని కొట్టబోయి నలభై వేలు కొట్టింది. తప్పంటే ఎంత తప్పనుకున్నారు, ఒక్క సున్నా! గోదాము నిండిపోయి కంపెనీ మునిగింది. జట్టువాళ్లు ఆమెని కుర్చీలోంచి లేపేశారు. పది రోజులుగా క్లాసుకి రావడం లేదు.

"నువ్వేమన్నావు?"

"కొట్టిన అంకె వెనక్కి తీసుకోడం కుదరదన్నాను. ఆట రూలు అంతే కదండీ."

మాస్టారు కండువా వేసుకున్నారు. "పద, నాకూ చూపిద్దువుగాని. టీసీకి వస్తుందిగా, ఆ పిల్లనీ కాలేజీ ల్యాబ్‌కే రమ్మను."

ల్యాబ్‌లో షమీమ్ గోడవారగా నిలబడింది. మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్క వేలితో వెతుక్కుంటూ అంకెలు కొట్టారు. హేమసుందర్ ఆపేలోపే మీట నొక్కేశారు.

"అయ్యయ్యో, సున్నా ఎక్కువైంది మాస్టారూ!"

"అరెరే. వెనక్కి తీసుకోవచ్చా?"

"ఆట రూలు..." అనబోయి హేమసుందర్ నాలిక్కరుచుకున్నాడు.

మాస్టారు షమీమ్ వైపు తిరిగారు. "ఈ గదిలో మునిగినవాళ్లం మనిద్దరమేనమ్మా. ఇప్పుడేం చెయ్యమంటావు?"

ఆమె తలొంచుకుంది. మెల్లగా, "వచ్చే రౌండులో కొత్తవి చెయ్యకూడదు సార్. పిండి కొనడం ఆపేసి, ఉన్నవే అమ్ముకోవాలి" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ లేదు సార్. ఇంట్లో రోజూ ఇదే ఆలోచిస్తున్నాను." తలెత్తింది. "నన్నెవరూ అడగలేదు."

హేమసుందర్‌కి ఆమె మొహం చూడాలంటే సిగ్గేసింది. పక్క కుర్చీ తనే లాగి, "కూర్చో అమ్మా" అన్నాడు.

షమీమ్ కూర్చుంది. కీబోర్డు తన వైపు జరుపుకుంది. మూడు రౌండ్లు ఆడారు, మాస్టారూ ఆమే. కంపెనీ లాభాల్లోకి రాలేదు గానీ, ఊపిరైతే పోలేదు. మధ్యలో మాస్టారు తప్పుడు మీట నొక్కబోతే ఆమె "ఆగండి సార్, ఆగండి!" అని ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది కూడాను.

మాస్టారు లేచారు.

"రేపు కూడా వస్తారా సార్?" అనడిగింది షమీమ్.

"నువ్వొస్తే వస్తాను తల్లీ."