మంచుకు చెవుల్లేవు

అనగనగా ఒక మంచుకొండ. ఆ కొండకు ఒక కనుమ, ఆ కనుమకు కావలిగా ఒక ముసలమ్మ. అసలు పేరేమిటో ఆమె కూడా మరిచిపోయింది. అందరూ కొండవ్వ అనేవారు.

కొత్త మంచు పడిన ప్రతిసారీ కొండవ్వ పార పట్టుకెళ్లి వాలు అంచున నడుములోతు గొయ్యి తవ్వేది. గొయ్యి గోడలో మంచు పొరలు తడిమి చూసేది. పొరలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటే "పదండి" అనేది. లేకుంటే "ఆగండి" అనేది. తాతల నాటి ఆచారం అది. నలభై ఏళ్లలో ఆమె మాట విన్నవాడెవడూ మంచుపాలు కాలేదు. విననివాళ్ల సంగతి చెప్పుకుని లాభం లేదు.

ఒక చలికాలం సారంగశెట్టి అనే వర్తకుడు పదకొండుమంది కూలీలతో, కర్పూరం పెట్టెలతో వచ్చాడు. కూలీల పెద్ద చెన్నడు కొండవ్వకు ఒక్కగానొక్క కొడుకు. అవతలి లోయలో రాజుగారి కోవెల ఉత్సవం. శెట్టికి మహా తొందర.

కొండవ్వ అడ్డం నిలబడింది. "శెట్టీ, నిన్నంతా గాలి మంచును తెచ్చి ఈ వాలు మీద కుప్పపోసింది. మూడు రోజులు ఆగు నాయనా."

"ఆకాశం అద్దంలా ఉంది కదవ్వా!"

"నువ్వు నడిచేది ఆకాశం మీద కాదు!"

శెట్టి నవ్వేశాడు. కొండవ్వ పళ్లు నూరుకుంటూ గొయ్యి తవ్వింది. పైన గట్టి పొర, దాని అడుగున పంచదారలా జారే పలుకులు. పారతో అలా తట్టిందో లేదో, పై పొర ఊడి ఒళ్లో పడింది.

"చూశావా? పంచదార మీద పలక పరిచి, దాని మీద ఊరేగుతానంటున్నావు."

"నేను కనుమ దాటడానికి వచ్చాను, బావి తవ్వించడానికి కాదు."

ఆమె విసురుగా గోతిలోంచి పైకి వచ్చి అడుగు వేసింది. కాళ్ల కింద మంచు 'వుఫ్' మంటూ కుంగింది. సన్నటి పగులు ఒకటి బారెడు దూరం పాకింది. కూలీలు గబుక్కున వెనక్కి జరిగారు.

"కొండే నోరు తెరిచి చెప్పింది. ఇంకెవరు చెప్పాలి నీకు?" అంది కొండవ్వ.

శెట్టి ముఖం వెలిగిపోయింది. "అంటే కొండకు చప్పుడు గిట్టదన్నమాట! అందరూ మూతులకు గుడ్డ కట్టుకోండి. చేతికర్రల గజ్జెల్లో దూది కుక్కండి. గుంపుగా, గప్‌చుప్‌గా దాటేద్దాం."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! చెన్నడు తల్లి కళ్లలోకి చూడలేకపోయాడు. "ఒప్పుకున్న పని, మాట తప్పలేనమ్మా" అని గొణిగి గుడ్డ కట్టుకున్నాడు.

కొండవ్వకు కడుపు మండిపోయింది. "మంచుకు చెవుల్లేవురా! దానికున్నది వీపు! దానికి తెలిసేది బరువొక్కటే!" అని అరిచింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

అరిచి లాభం లేదని ఆమెకు అర్థమైంది. గొంతు తగ్గించింది.

"సరే శెట్టీ, నీ మాటే నిజమనుకుందాం. నోరు లేనిదాన్ని కొండ ఏమీ చేయదు కదా?"

మూతికి గుడ్డ కట్టుకున్న శెట్టి గర్వంగా తలూపాడు.

"నీ పెట్టెకు పుట్టుకతోనే నోరు లేదు. ముందు దాన్ని పంపు. మనం ఈ బండ మీద నిలబడి చూద్దాం."

కాదనడానికి శెట్టికి దారి లేదు. కూలీలు ఒక పెట్టెను వాలు మీదికి తోశారు. పెట్టె మెత్తగా, చడీచప్పుడు లేకుండా జారింది. పది బారలు పోయిందో లేదో, వాలుకు అడ్డంగా గీత పడింది. మరుక్షణం, మంచం మీది దుప్పటి లాగేసినట్టు, మంచు మొత్తం కదిలింది. కింద దేవదారులు పుల్లల్లా విరిగాయి. పెట్టె జాడ మళ్లీ కనబడలేదు.

చెన్నడు గుడ్డ విప్పేసి తల్లి చేయి గట్టిగా పట్టుకున్నాడు. శెట్టి మాత్రం గుడ్డ విప్పడం కూడా మరిచి అలాగే నిలబడ్డాడు. చివరికి కొండవ్వే దాన్ని లాగేసింది.

"ఎప్పుడు బయలుదేరుదాం అవ్వా?" అన్నాడు శెట్టి చిన్న గొంతుతో.

ఆమె పార తెచ్చి అతని చేతిలో పెట్టింది. మూడు రోజులు పొద్దున్నే గొయ్యి తవ్వింది శెట్టే. నాలుగో రోజు పొరలు తడిమి కొండవ్వ "పదండి" అంది. ఒకరి తరువాత ఒకరు, ఎడం ఎడంగా దాటారు. ఉత్సవం అయిపోయింది కానీ అందరూ ఇళ్లకు చేరారు.

ఆపద ఎదుట నోరు కట్టుకుంటే చాలదు. అంతకన్నా ముందు చెవులు విప్పుకోవాలి.