ఊఁ కొట్టిన అమ్మ

అనగనగా మిరపకాయల ఘాటు ఏడాది పొడుగునా వదలని ఒక ఊళ్ళో తిరపతమ్మ అనే పిల్ల ఉండేది. నేను చెబుతుంటే నువ్వు ఊఁ కొట్టాలి తల్లీ. ఊఁ ఆగితే కథ ఆపేస్తాను. నాకూ నడుం వాల్చాలని ఉంది.

ఆ పిల్ల తల్లి కోటేశ్వరి. పొద్దస్తమానం మిరపకాయలకు తొడిమలు తీసే కూలిపని. సాయంత్రానికి చేతులు మంట, ఒళ్ళు హూనం. అప్పుడు బడిలో సువార్తమ్మ టీచరు చెప్పింది, పట్నం హాస్టలు బడిలో ఒక్క సీటు ఉందని, వ్యాసం బాగా రాసిన పిల్లకే అదని. అది రాకపోతే తిరపతమ్మ కూడా తొడిమలు తీయాల్సిందే.

టీచరు ‘నీటి పొదుపు’ అని శీర్షిక ఇచ్చి రాసి చూడమంది. పిల్ల రాసి, పొయ్యి దగ్గరున్న అమ్మకు చదివింది. అమ్మ ఊఁ కొట్టింది. భూమి పుట్టింది, సముద్రాలు పుట్టాయి, చేపలు పుట్టాయి. పొదుపు మాత్రం ఇంకా రాలేదు. అమ్మ గోడకు జారబడి నిద్రపోయింది.

పిల్ల ఉడుక్కుంది. మర్నాడు బడిలో ఆ సంగతి చెబితే టీచరు నవ్వలేదు. మొదట రాసేది ఉపోద్ఘాతం, ఏం చెప్పబోతున్నావో చెప్పి లోపలికి తీసుకెళ్ళాలి గానీ వచ్చినవాళ్ళను గుమ్మంలోనే నిలబెట్టకూడదు అంది.

ఆ తర్వాత పిల్ల ఉపోద్ఘాతాన్ని రెండు వాక్యాల్లో తెమిల్చింది. అప్పుడు కుళాయి వచ్చింది, వాన వచ్చింది, బిందె వచ్చింది, మళ్ళీ కుళాయి వచ్చింది. అమ్మ ఊఁ తడబడింది.

“ఇందాకే కుళాయి దగ్గర ఉన్నాం కదే. అన్నిసార్లు తిరిగే ఓపిక నాకు లేదమ్మా.”

మధ్యలోది విషయ వివరణ అంది టీచరు. ఒక్కో సంగతికి ఒక్కో పేరా. ఒకటి ముగిశాకే ఇంకొకటి.

మూడోసారి అమ్మ ఊఁ ఎక్కడా తప్పలేదు. పిల్ల కాగితం మడిచింది. అమ్మ ఇంకా చూస్తూనే ఉంది.

“అయితే నన్నేం చెయ్యమంటావే?”

పిల్ల మడిచిన కాగితం మళ్ళీ విప్పింది. ముగింపు అంటే ఏమిటో టీచరును అడగాల్సిన పని లేకపోయింది.

పరీక్ష రోజు శీర్షిక మారిపోయింది. ‘పరిశుభ్రత’ అట. నీటి పొదుపు బట్టీపట్టిన పిల్లలు బిక్కమొహం వేశారు. తిరపతమ్మ ఎదురుగా అమ్మ కూర్చున్నట్టు అనుకుంది. ఎక్కడ ఊఁ ఆగుతుందనిపిస్తే అక్కడ కొట్టేసి మళ్ళీ రాసింది.

ఆ కాగితాలు దిద్దే ముసలాయన కూడా అలిసిపోయి ఉన్నాడు. కళ్ళు నులుముకుంటూ, ఆవలిస్తూ దిద్దుతున్నాడు. అప్పుడు తిరపతమ్మ కాగితం వచ్చింది. ఆయన తనకే తెలియకుండా ఊఁ అన్నాడు. ముగింపు దాకా ఊఁ అంటూనే ఉన్నాడు.

సీటు వచ్చిందని పిల్ల పరుగున వచ్చి చెప్పింది. కోటేశ్వరి ఊఁ అంది. చేతులకు కారం కదా, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

వినేవాళ్ళూ చదివేవాళ్ళూ అలిసిపోయి ఉంటారు తల్లీ. వాళ్ళ ఓపికను పాడుచెయ్యడం తప్పు. రేపు నీ వ్యాసం రాసేటప్పుడు ఇది మరిచిపోకు.

ఏమే, ఊఁ ఆగిందే? సరే, పడుకో.

కథ పోయె కంచి దారికి, మనం పోదాం నిద్ర దరికి.