తిట్టు తెలిసింది, గోడు తెలియలేదా?

అనగనగా ఒక రాజ్యంలో ధర్మాధికారి విరూపాక్షుడికి పల్లె యాస చెవిన పడితే ఒళ్లంతా కంపరం.

ఆయన పల్లకీకి అడ్డొచ్చిందని భటులు ఓ గేదెను బందెలదొడ్డిలో కట్టేశారు. కొండకింది గవరమ్మ దాన్ని విడిపించుకోవడానికి లబోదిబోమంటూ ఆయన కొలువుకొచ్చింది.

"నా గేదెనొగ్గీండి బాబూ! దూడ పాల్లేక సచ్చిపోతంది."

"ముందు నోరు కడుక్కో!" అని గుమ్మంలోని పసుపునీళ్ల చెంబు చూపించాడు విరూపాక్షుడు. పల్లెవాళ్లందరికీ అక్కడ అదే మర్యాద. గవరమ్మ శుభ్రంగా పుక్కిలించి, మళ్లీ అదే మాట అదే యాసలో చెప్పింది.

"ఇదీ ఒక భాషేనా? కాకిగోల! ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గెంటండి!"

మర్నాడు ఆయన పల్లకీ సంతలోకి రాగానే గవరమ్మ నడుం బిగించి ఎదురెళ్లింది.

"ఓరి దిష్టిబొమ్మ మొకమోడా! నీ సెవిలో ఈగలు దూరతాయి గానీ పేదోల్ల మాట దూరదేటి?"

సంతంతా గొల్లున నవ్వింది. విరూపాక్షుడు ఆమెను రాజు ముందుకు ఈడ్పించి, ఆ తిట్టును పొల్లుపోకుండా, ఆమె యాసలోనే అప్పజెప్పాడు.

"ఏమంటావమ్మా?" అన్నాడు రాజు.

"నానేటంతాను బాబూ? నాది కాకిగోలని ఆ బాబే అన్నారు. కాకి అరిస్తే సిచ్చ యేస్తారేటి? ఇయ్యేల నా తిట్టు తెలిసినోరికి నిన్న నా గోడు తెలీలేదేటి?"

రాజు ధర్మాధికారి వైపు తిరిగాడు. "నిన్న ఏమని మొరపెట్టుకుందయ్యా?"

గోడు తెలియదంటే తిట్టూ తెలియనట్టే. చివరికి విరూపాక్షుడు తల దించుకుని గొణిగాడు:

"నా గేదెనొగ్గీండి బాబూ..."

"అంత చక్కగా అడిగితే కాదంటానా? ఒగ్గీసినాం!" అన్నాడు రాజు.

దండం పెట్టడం కూడా మరిచిపోయి, గవరమ్మ బందెలదొడ్డి వైపు పరుగందుకుంది.