మొగలిడొంక దగ్గర మాట

ఎన్నడంటే ఎవరు చెప్పగలరు! మన తాతల తాతలు దోగాడే రోజుల్లో సముద్రం ఒడ్డున ఒక మొగలిడొంక ఉండేది. పువ్వు వాసన ఊరిదాకా కొట్టేది. పువ్వు కింద పాము పడుకునేది. కోయబోయినవాళ్లని డొంకలోంచి ఒక గొంతు అడిగేది: "పువ్వెవరికి?" నిజం చెబితే పాము తప్పుకునేది. అబద్ధం చెబితే కాటేసేది.

ఆ ఊళ్లో దాలమ్మ అనే ముసలామె దొరగారి పశువులశాల ఊడ్చి బతికేది. మొగుడు పోయిన మనిషి, తల్లో పువ్వు పెట్టుకునే యోగం లేదు. అయినా పువ్వు విరిసే రోజుల్లో డొంకకు వెళ్లేది.

"పువ్వెవరికి?"

"నాకేనమ్మా. ఈ వాసనంటే నాకు పేణం" అనేది. పాము తప్పుకునేది. ఒక్క రేకు కోకమడతలో దాచి తెచ్చుకుని, గుడిసె తలుపేసుకుని వాసన చూసుకునేది. ఎవరైనా చూస్తే నవ్విపోతారని భయం.

దొరగారి సంగతి వేరు. సాంబ్రాణి పొగకే తలనొప్పని తలకు గుడ్డ కట్టుకునే మనిషి. అలాంటివాడు పొరుగు దొర తలపాగాలో మొగలిరేకు చూశాడు. ఇంకేం, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు తనకూ కావాలన్నాడు.

ఏం చెప్పాలో నేర్పి గుర్రాలవాణ్ని పంపాడు.

"పువ్వెవరికి?"

"మా దొరగారికమ్మా. ఆయనకి ఈ వాసనంటే ప్రాణం."

వాడు తిరిగి రాలేదు. తోటవాణ్ని పంపాడు. వాడూ అదే మాటన్నాడు, వాడూ తిరిగి రాలేదు. అబద్ధం దొరది, చావు వీళ్లది. పాముకి ఆ తేడా ఏం తెలుసు!

మూడోసారి దాలమ్మకు కబురొచ్చింది. పొరుగు దొరల్ని వెంటబెట్టుకుని దొరగారే డొంకదాకా వచ్చాడు.

"నాకు ప్రాణమని చెప్పు. ఇంకో మాటన్నావో, తోలు వలిపిస్తాను" అన్నాడు.

ముందు పాము, వెనక దొర. ఆకులు గలగలమన్నాయి.

"పువ్వెవరికి?"

"దొరబాబుకమ్మా" అంది. "ఆయనకి ఈ వాసన గిట్టదు. నలుగురూ సూడ్డానికి. నాకు బయమేస్తంది తల్లీ, అయినా నిజం ఇదే."

పాము తప్పుకుంది. దాలమ్మ పువ్వు కోసి తెచ్చి దొర చేతిలో పెట్టింది. అందరిముందూ పరువు పోయిందని దొర ముఖం కందగడ్డలా అయింది. పువ్వు పిడికిట్లో నలిపేస్తూ అరిచాడు.

"అబద్ధం! ఈ వాసనంటే నాకు ప్రాణం!"

డొంక కదిలింది. పడగ విప్పి పాము ఇసకమీదికి వచ్చింది. పొరుగు దొరలు పరుగో పరుగు. దొర కొయ్యబారిపోయాడు. దాలమ్మ ముందుకురికి అతని చేతిలోంచి పువ్వు లాగేసింది. ఎంత దొరైనా మనిషే కదా అనుకుందో, పువ్వు నలిగిపోతోందనుకుందో, ఆ తల్లికే తెలియాలి. కాటు ఆమె మణికట్టుమీద పడింది.

"నాకు గిట్టదమ్మా! తలనొప్పి! నాకీ వాసన గిట్టదు!" అని దొర అప్పుడేడ్చాడు. పాము వెనక్కి మళ్లింది.

దాలమ్మ ఇసకలో కూలబడి, పారిపోయినవాళ్లు దూరం నుంచి చూస్తుండగానే పువ్వు ముక్కుకి ఆనించుకుంది.

"ఎంత బాగుందో" అంది. అదే ఆఖరి మాట.

ఊరి ఆడవాళ్లు ఆ పువ్వు ఆమె తల్లో పెట్టి సాగనంపారు.

ఈనాటికీ ఆ పక్క ఊళ్లలో మొగలిపువ్వు కోస్తే, తొలి రేకు మొగుడు పోయిన ఆడమనిషికే ఇస్తారు. "దాలమ్మ వాటా" అంటారు. ఆమె అరుగుమీద కూర్చునే వాసన చూసుకుంటుంది, తలుపేసుకోదు. ఇక ఎవడైనా రుచి తెలియకుండా ఆహా ఓహో అన్నాడంటే, పక్కవాళ్లు మెల్లిగా అడుగుతారు:

"ఆ మాట డొంక దగ్గర చెప్తావా?"