మింగని గుక్క

బ్రదర్ రెమీ అలసిపోయాడు. ఒళ్ళు అలిసిపోతే నిద్రతో తీరుతుంది, అతనిది అలా తీరే అలసట కాదు. ప్రార్థనలో పెదవులు కదులుతున్నాయి గానీ మనసు మొద్దుబారిపోయింది. ఇక మఠం వదిలి వెళ్ళిపోదామని నిశ్చయించుకున్నాడు. ఆ మాట గురువుగారికి చెప్పడమే మిగిలింది.

ఫ్రాన్సులో ఒక కొండవాలున ఉంది ఆ క్రైస్తవ మఠం. అక్కడి సన్యాసులు సొంత తోటల్లో ద్రాక్ష పండించి ఎర్ర వైన్ చేస్తారు. నేలమాళిగలో పీపాలనూ సీసాలనూ చూసుకునేది ముసలి ఫాదర్ ఓడిలాన్. రెమీ ఆయన శిష్యుడు. రుచి చూసి వైన్ బాగోగులు తేల్చడంలో రెమీ అంతటివాడు లేడని ఆ చుట్టుపక్కల అందరూ అనేవారు. రెమీ కూడా అలాగే అనుకునేవాడు.

ఆ సాయంత్రం అతను కిందికి దిగేసరికి ముసలాయన ఒక పాత సీసా బిరడా తీస్తున్నాడు. బిరడా సగంలో విరిగింది. మిగతాది ఓపిగ్గా లాగి, అడుగున ఉన్న మడ్డి కదలకుండా కొవ్వొత్తి వెలుగులో సీసా మెడ చూసుకుంటూ రెండు గ్లాసుల్లో పోశాడు.

"ఫాదర్, మీతో ఒక మాట చెప్పాలి."

"చెబుదువుగాని. ముందు దీని సంగతి చూడు. నేను మఠంలో చేరిన ఏటి పంట. ఉంచాలా, వెనిగర్ పీపాలో పోసెయ్యాలా అని మఠాధిపతి అడుగుతున్నారు."

రెమీకి ప్రాణం ఉసూరుమంది. అయినా గ్లాసు వంచి రంగు చూశాడు. వాసన పీల్చాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న ఇత్తడి గిన్నెలో ఉమ్మేశాడు. రుచి చూసేవాళ్ళ పద్ధతే అది. చూసిందల్లా మింగుతూ పోతే మధ్యాహ్నానికే తల తిరిగి, ఏది ఏ వైనో తెలియకుండా పోతుంది.

"అంచున ఇటుకరంగు తిరిగింది. పండు వాసన పోయి తడిసిన ఆకుల వాసన మిగిలింది. వగరు చచ్చిపోయింది. పులుపు ఒక్కటే నిలబెడుతోంది. దీని పని అయిపోయినట్టే, ఫాదర్."

ముసలాయన తలూపాడు. "ఇప్పుడు చెప్పు నీ మాట."

"నేను వెళ్ళిపోతాను." రెమీ గ్లాసు కింద పెట్టాడు. ఆ ముసలాయనంటే అతనికి ప్రాణం. "జపం చూశాను, మౌనం చూశాను, ఉపవాసం చూశాను. ఏ ఒక్కటీ నాకు పట్టలేదు. ఇక నావల్ల కాదు."

ఓడిలాన్ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ఇత్తడి గిన్నె తీసుకెళ్ళి మెట్ల మీద పెట్టి వచ్చి, రెమీ గ్లాసులో ఇంకాస్త పోశాడు.

మళ్ళీ చూడమంటున్నారు కాబోలనుకుని రెమీ గుక్క పట్టాడు, పుక్కిలించాడు, పక్కకి తిరిగాడు. గిన్నె లేదు. నేల మీద ఉమ్మలేడు. నిండు నోటితో గురువు వైపు చూశాడు. గురువు తీరిగ్గా తన గ్లాసు తాగుతున్నాడు. రెమీ కాసేపు బుగ్గలు ఉబ్బించుకుని నిలబడి, గత్యంతరం లేక మింగాడు.

ఛాతీలోకి సన్నగా వెచ్చదనం దిగింది. నోరు ఖాళీ అయ్యాక వచ్చింది అసలు రుచి, ఎండబెట్టిన చెర్రీపండులాంటిది. ఎంతసేపటికీ పోలేదు. చర్చి పూజలో ప్రసాదంగా తీసుకునే చుక్క తప్ప అతను వైన్ మింగి ఏళ్ళు గడిచాయి. భోజనం దగ్గర కూడా నీళ్ళే తాగేవాడు.

"ఫాదర్," అన్నాడు చివరికి, "ఈ వైన్ గురించి ఇందాక నేను చెప్పింది..."

"అక్షరాలా నిజం. నువ్వెప్పుడూ తప్పు చెప్పవు. అదే నా దిగులు."

రెమీ స్టూలు మీద కూలబడ్డాడు. అలసట ఎక్కడికీ పోలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి.

"వెళ్తే రేపు వెళ్దువుగాని, నాయనా," అన్నాడు ముసలాయన. "గ్లాసులో ఇంకా ఉంది."